కారు ఏసీలో పదో తరగతి పాఠం

మన హాస్టల్లో ఏసీ లేదు. మనలో చాలామంది ఇళ్ళల్లో కారు లేదు. అలాంటప్పుడు వార్షికోత్సవ సంచికలో కారు ఏసీ గురించి రాయడమేమిటని తమ్ముళ్ళకు నవ్వు రావచ్చు. అయితే కారు లేని ఇళ్ళల్లోనే కారు నడిపేవాళ్ళు ఎక్కువగా ఉంటారు. మా నాన్న ఇరవై ఏళ్ళకు పైగా లారీ నడిపారు. ఆయన దగ్గర స్టీరింగు పట్టుకోవడం నేర్చుకున్న మా మేనమామ ఇప్పుడు పిడుగురాళ్ళలో కిరాయి కారు నడుపుకుంటున్నాడు. మన హాస్టల్లో నాతోపాటు చదివినవాళ్ళలో ఇద్దరు మెకానిక్ షెడ్డుల్లో పని చేస్తున్నారు. కారు యజమానికి ఏసీ ఒక సుఖం. కిరాయి డ్రైవరుకు అది అన్నం. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటికీ తెలిసినవే. ఆ పల్నాడు ఎండల్లో ఏసీ పని చేయని కారును ఎవరూ మాట్లాడుకోరు. మాట్లాడుకున్నా దిగేటప్పుడు కిరాయిలో కోత పెడతారు.

ఇది రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. బాష్పీభవనం, సాంద్రీకరణం, గుప్తోష్ణం – ఈ మూడు మాటలకూ నిర్వచనాలు బట్టీపట్టి రాసి మనమంతా పదో తరగతి గట్టెక్కినవాళ్ళమే. పరీక్ష అయిపోయాక ఆ మాటలు పుస్తకంలోనే ఉండిపోతాయి. కారు బానెట్ ఎత్తి చూస్తే ఆ మూడూ అక్కడ పని చేస్తూ కనిపిస్తాయి. అవి అర్థమైతే ఏటా రెండు వేల రూపాయలు మిగులుతాయి. ఎలాగో చెబుతాను.

ముందుగా ఒక మాట గుర్తు పెట్టుకోవాలి. ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు. అది కారు లోపలున్న వేడిని మోసుకెళ్ళి బయట పారేస్తుంది. వేడి పోయినచోట చల్లగా ఉంటుంది, అంతే. మా నాన్న లారీ నడిపే రోజుల్లో వేసవిలో తుండుగుడ్డ తడిపి మెడ చుట్టూ వేసుకునేవారు. కిటికీలోంచి వేడిగాలి కొడుతున్నా మెడ దగ్గర చల్లగా ఉండేది. తడి ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని అది మెడ నుంచే తీసుకుంటుంది. కుండలో నీళ్ళు చల్లబడేదీ ఇలాగే. నూరు డిగ్రీల దగ్గర ఒక్క గ్రాము నీరు ఆవిరి కావడానికి 540 కెలోరీల వేడి కావాలని మనం చదువుకున్నాం. అదే బాష్పీభవన గుప్తోష్ణం.

దీనికి ఇంకా మంచి ఉదాహరణ మన హాస్టల్ వంటగదిలోనే ఉంది. పెద్ద పొయ్యి మీద అన్నం గుండిగ పెట్టి చాలాసేపు మంట మండించినప్పుడు గ్యాస్ సిలిండరును ముట్టుకుని చూడండి. కింది భాగం చల్లగా ఉంటుంది. ఒక్కోసారి దాని మీద చెమట పట్టినట్టు నీటి బిందువులు కూడా కనిపిస్తాయి. సిలిండరులో గ్యాస్ ఒత్తిడి మీద ద్రవంగా ఉంటుంది. మనం పొయ్యి తిప్పగానే ఆ ద్రవం మరిగి ఆవిరై బయటికి వస్తుంది. మరగడానికి కావలసిన వేడిని సిలిండరు ఇనుము నుంచి, చుట్టూ ఉన్న గాలి నుంచి లాక్కుంటుంది. అందుకే సిలిండరు చల్లబడుతుంది. పక్కనే అంత మంట మండుతున్నా సిలిండరు చల్లగా ఎందుకుందని అడిగితే దానికి జవాబు ఇదే. కారు ఏసీకి కూడా ఇదే జవాబు.

తేడా ఒక్కటే. వంటగదిలో ఆవిరైన గ్యాస్ కాలిపోతుంది. కారులో ఆవిరైన గ్యాసును మళ్ళీ పట్టుకొచ్చి, మళ్ళీ ద్రవంగా మార్చి, మళ్ళీ మరిగిస్తారు. దీనికి నీరు పనికిరాదు, ఎందుకంటే నీరు మామూలు ఒత్తిడిలో నూరు డిగ్రీల దగ్గర గానీ మరగదు. కార్లలో చాలా ఏళ్ళుగా వాడుతున్న ఆర్-134ఎ అనే పదార్థం మామూలు ఒత్తిడిలో సున్నాకు 26 డిగ్రీల కిందే మరిగిపోతుంది. ఒత్తిడి పెంచితే అది మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. ప్రెషర్ కుక్కరులో పప్పు తొందరగా ఉడకడం వెనుక ఉన్న సూత్రమే ఇది. ఏసీ మొత్తం ఈ ఒక్క సూత్రం మీద నడుస్తుంది.

ఇక భాగాల సంగతి చూద్దాం. డ్యాష్‌బోర్డు లోపల ఇవాపరేటర్ ఉంటుంది. సన్నని గొట్టాలు, వాటి మీద పలుచని అల్యూమినియం రేకులు. ఇందులో ఒత్తిడి తక్కువ. ద్రవం సున్నాకు కొద్ది డిగ్రీల పైనే మరుగుతూ, ఫ్యాను తోసే గాలిలోని వేడిని పీల్చుకుంటుంది. ఆ గాలి చల్లబడి మన ముఖానికి తగులుతుంది. గాలిలోని తేమ ఆ చల్లని రేకుల మీద నీరై కారుతుంది. ఆగి ఉన్న కారు కింద చుక్కలు చుక్కలుగా పడేది ఆ నీరే. అది చూసి కంగారు పడనక్కర్లేదు. ఆ నీరు కింద పడకుండా లోపల కాళ్ళ దగ్గర చేరితే మాత్రం నీరు పోయే గొట్టంలో చెత్త అడ్డుపడిందని అర్థం.

ఆవిరైన గ్యాసును కంప్రెసర్ లాగి గట్టిగా ఒత్తుతుంది. పెట్రోలు, డీజిల్ కార్లలో ఇది ఇంజను బెల్టుతో తిరుగుతుంది. చాలా కార్లలో ఏసీ మీట నొక్కగానే 'టక్'మని ఒక చప్పుడు వినిపిస్తుంది. అది విద్యుదయస్కాంతపు క్లచ్ పట్టుకున్న చప్పుడు. ఒత్తిన గ్యాస్ బాగా వేడెక్కి, రేడియేటరు ముందుండే కండెన్సర్‌లోకి వస్తుంది. అక్కడ బయటి గాలికి వేడిని వదిలి మళ్ళీ ద్రవమవుతుంది. ఇదే సాంద్రీకరణం. ఆ తర్వాత తేమను పీల్చే డ్రయర్ దాటి, ఎక్స్‌పాన్షన్ వాల్వు అనే సన్నని దారిలోంచి ఇవాపరేటర్‌లోకి వెళుతుంది. సన్నని దారి దాటగానే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. ద్రవం మళ్ళీ మరగడం మొదలవుతుంది. చక్రం పూర్తయింది.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. బయట 45 డిగ్రీల ఎండ ఉంటే, లోపలి 25 డిగ్రీల వేడి బయటికి ఎలా పోతుంది? నీరు పల్లమెరుగు అంటారు పెద్దలు. వేడీ అంతే, ఎక్కువ ఉన్నచోటు నుంచి తక్కువ ఉన్నచోటుకే పోతుంది. పల్లంలోని నీటిని మెరకకు ఎక్కించాలంటే మోటారు కావాలి. కంప్రెసర్ ఆ మోటారు. గ్యాసును ఒత్తి 60 డిగ్రీలు దాటిస్తే అప్పుడు 45 డిగ్రీల ఎండ కూడా దానికి పల్లమే. వేడి దానంతటదే గ్యాసు నుంచి బయటి గాలిలోకి దిగిపోతుంది. ఉష్ణగతిక శాస్త్రం రెండో నియమాన్ని నేను డిగ్రీలో సమీకరణాలతో చదివాను. దాన్ని కళ్ళతో చూసింది మాత్రం కండెన్సర్ ముందు నిలబడినప్పుడే.

ఇప్పుడు మామయ్య కారు సంగతి. ఆయన దాన్ని సెకండ్ హ్యాండులో కొన్నాడు. కొన్న ఏడాది వేసవిలోనే ఏసీ చల్లదనం తగ్గింది. ఒక షాపుకు తీసుకెళ్తే గ్యాస్ అయిపోయింది, నింపాలన్నారు. నింపారు, చల్లగా వచ్చింది. దసరా నాటికి మళ్ళీ తగ్గింది. చలికాలం వస్తోంది కదా అని మామయ్య పట్టించుకోలేదు. ఏప్రిల్ రాగానే మళ్ళీ అదే షాపు, మళ్ళీ గ్యాస్, మళ్ళీ రెండు వేలు. ఇలా నాలుగు వేసవులు గడిచాయి. "బండికి డీజిల్ పోయించుకున్నట్టే ఏసీకి గ్యాస్ పోయించుకోవాలి అల్లుడూ" అనేవాడు. షాపువాళ్ళు ఆయనకు అలాగే చెప్పారు.

నాలుగో ఏడాది నింపిన గ్యాస్ మూడు వారాలు కూడా నిలవలేదు. మామయ్యకు ఒక ఖాయమైన కిరాయి ఉండేది. వారానికి రెండుసార్లు ఒక పెద్దాయన్ని డయాలసిస్ కోసం గుంటూరు తీసుకెళ్ళి తీసుకురావాలి. పెళ్ళిళ్ళ కిరాయిలు ఉన్నా లేకపోయినా ఇంటి ఖర్చు ఆ డబ్బుతోనే నడిచేది. డయాలసిస్ అయ్యాక నీరసంగా ఉన్న మనిషి మే నెల మధ్యాహ్నం వేడి కారులో రెండు గంటలు కూర్చోవడం మాటలు కాదు. ఒకరోజు ఆయన కొడుకు, "ఏమీ అనుకోకు బాబూ, ఇంకో కారు చూసుకుంటాం" అన్నాడు. మామయ్య ఆ రాత్రి అన్నం సరిగా తినలేదని అత్తయ్య చెప్పింది. నేను అప్పుడు డిగ్రీ చివరి సంవత్సరం పరీక్షలు రాసి ఇంటికి వచ్చి ఉన్నాను. మర్నాడు ఆయనతోపాటు గుంటూరులో ఒక పాత షెడ్డుకు వెళ్ళాను.

అక్కడి మెకానిక్ అరవై ఏళ్ళ పెద్దాయన. చదివింది ఏడో తరగతి. మామయ్య "గ్యాస్ నింపాలండీ" అనగానే ఆయన నవ్వి, "ఏం డ్రైవరూ, గ్యాస్ ఏమన్నా డీజిలా కాలిపోడానికి? లోపల తిరిగేదే గానీ ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే దానికి ఎక్కడో దారి దొరికింది. ముందు ఆ దారి మూద్దాం" అన్నాడు.

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే అది ఆయన అన్న ఈ మాటే. రబ్బరు గొట్టాల గుండా, సీళ్ళ గుండా ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా గ్యాస్ తగ్గడం మామూలే. కానీ ప్రతి వేసవికీ నింపాల్సి వస్తోందంటే అది లీకే. లీకు చూడకుండా గ్యాస్ నింపడమంటే చిల్లు కుండలో నీళ్ళు పోయడమే.

ఆయన లీకును వెతికిన పద్ధతి నాకు బాగా నచ్చింది. ముందు ఏ మిషనూ తీయలేదు. టార్చిలైటు వేసి గొట్టాల జాయింట్లన్నీ చూశాడు. కంప్రెసర్ తిరగడానికి కావలసిన నూనె గ్యాస్‌తోపాటే తిరుగుతుంది కాబట్టి, గ్యాస్ కారేచోట ఆ నూనె కూడా కొద్దిగా కారుతుంది. దాని మీద దుమ్ము పట్టి నల్లగా జిడ్డు కడుతుంది. కంప్రెసర్ దగ్గర ఒక జాయింటు మీద అలాంటి జిడ్డు కనిపించింది. తర్వాత లోపల మిగిలిన గ్యాసును మిషనుతో తీసి, పొడి నైట్రోజన్ ఒత్తిడితో ఎక్కించి, జాయింట్ల మీద సబ్బు నురుగు రాశాడు. జిడ్డు ఉన్నచోటే బుడగలు వచ్చాయి. సైకిల్ ట్యూబు పంచరు నీళ్ళ తొట్టిలో చూసే పద్ధతే ఇది. జాయింటు విప్పితే లోపల రబ్బరు ఓ-రింగు గట్టిపడి పగిలి ఉంది. కొత్త రింగు ఖరీదు యాభై రూపాయల లోపే. అన్ని లీకులూ ఇంత చవకగా పోవని ఆయనే చెప్పాడు. ఇవాపరేటర్ కారితే డ్యాష్‌బోర్డు విప్పాలి. అప్పుడు ఖర్చు వేలల్లో ఉంటుంది. అయినా ముందు లీకు ఎక్కడో తెలిస్తేనే కదా ఎంత ఖర్చవుతుందో లెక్క తేలేది.

రింగు మార్చాక వెంటనే గ్యాస్ ఎక్కించలేదు. వ్యాక్యూమ్ పంపు పెట్టి అరగంటకు పైగా లోపలి గాలంతా లాగేశాడు. ఎందుకని అడిగితే, "లోపల తేమ ఉండకూడదు, ముప్పై ఏళ్ళుగా ఇదే చేస్తున్నాను. గాలి లాగితే తడి ఎట్లా పోతుందో మాత్రం నాకూ తెలీదు" అన్నాడు. ఒత్తిడి బాగా తగ్గిస్తే నీరు మామూలు వేడికే మరిగి ఆవిరైపోతుందని, ఆ ఆవిరిని పంపు లాగేస్తుందని చెప్పాను. కొండల మీద అన్నం తొందరగా ఉడకదంటారు కదా, అక్కడ నీరు తక్కువ వేడికే మరగడం వల్లేనని చెప్పాను. ఆయన కాసేపు పంపు వైపు చూసి, "ఓహో, అందుకా" అన్నాడు. తేమ మిగిలితే ఏమవుతుందో నాకు ఆయన చెప్పాడు. సన్నని వాల్వు దగ్గర అది మంచుగడ్డ కట్టి దారి మూసేస్తుంది. గ్యాస్‌తో, నూనెతో కలిసి ఆమ్లంగా మారి లోహాన్ని లోపలి నుంచి తినేస్తుంది. ఆరోజు షెడ్డులో పాఠం ఇద్దరమూ చెప్పుకున్నాం.

చివరికి గ్యాస్ ఎక్కించే ముందు, "చదువుకున్నవాడివి కదా, బానెట్ కింద స్టిక్కరు మీద ఎంత రాసుందో చదువు" అన్నాడు. ఇంగ్లీషులో గ్యాస్ పేరు, దాని పక్కన 400 గ్రాములని ఉంది. ఆయన సీసాను కాటా మీద పెట్టి అంతే ఎక్కించాడు. తక్కువైతే చల్లదనం రాదు. ఎక్కువైనా రాదు, పైగా ఒత్తిడి పెరిగి కంప్రెసర్ మీద భారం పడుతుంది. అందాజాగా నింపే పని కాదిది. నీలం గేజీలో ముల్లు 30, 40 మధ్య నిలిచింది. ఎర్ర గేజీలో 200 దాటింది. ఆ స్టిక్కరు నాలుగేళ్ళుగా ఆ బానెట్ కిందే ఉంది. నాలుగేళ్ళలో మామయ్యకు దాన్ని ఎవరూ చదివి చెప్పలేదు. ఆ తర్వాత రెండు వేసవులు గడిచాయి, గ్యాస్ నింపాల్సిన అవసరం రాలేదు. డయాలసిస్ పెద్దాయన మళ్ళీ మామయ్య కారే ఎక్కుతున్నారు.

కారిపోయిన గ్యాస్ ఎక్కడికి పోతుందన్నది కూడా తెలుసుకోవాలి. పూర్వం కార్లలో ఆర్-12 అనే క్లోరోఫ్లోరోకార్బన్ వాడేవారు. ఇలాంటి వాయువులు పైకి చేరి ఓజోన్ పొరను దెబ్బతీస్తాయని 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు చెప్పారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరి, క్రమంగా వాటిని ఆపేశారు. ఆ ఇద్దరికీ, క్రూట్జెన్‌తో కలిపి 1995లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆర్-12 స్థానంలో వచ్చిన ఆర్-134ఎ ఓజోనుకు హాని చేయదు గానీ భూమిని వేడెక్కిస్తుంది. నూరేళ్ళ లెక్కలో అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 1,400 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. మామయ్య కారులోని 400 గ్రాములు మొత్తం గాలిలో కలిస్తే, అది 560 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. ఒక లీటరు పెట్రోలు కాలిస్తే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. అంటే దాదాపు 240 లీటర్ల పెట్రోలు ఊరికే తగలబెట్టినంత. ఏటా గ్యాస్ నింపి ఏటా గాలిలోకి వదిలితే జేబుకూ నష్టమే, ఊరికీ నష్టమే. ఇలాంటి వాయువులను తగ్గించాలని 2016లో కిగాలీలో ఒప్పందం జరిగింది. మన దేశం దాన్ని 2021లో ఆమోదించింది. కొన్ని కొత్త కార్లలో ఆర్-1234వైఎఫ్ అనే గ్యాస్ వస్తోంది. ఒకదాని బదులు ఒకటి నింపకూడదు, రెండూ కలపకూడదు. చవకగా వస్తుందని వంట గ్యాస్ ఎక్కించేవాళ్ళూ ఉన్నారు. అది నిప్పంటుకునే పదార్థం. లీకైతే కారులో కూర్చున్నవాళ్ళ ప్రాణాలకే ముప్పు.

ఇక డ్రైవర్ల ఇళ్ళల్లో ఉన్న తమ్ముళ్ళు నాన్నకో అన్నకో చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయి.

ఎండలో నిలిపిన కారు ఎక్కగానే ఏసీ పెద్దగా పెట్టి అద్దాలు బిగించకండి. తలుపులు తీసి ఒక నిమిషం వేడిగాలి పోనివ్వండి. తర్వాత అద్దాలు మూసి, లోపలి గాలే తిరిగేలా మీట పెడితే తొందరగా చల్లబడుతుంది. దూర ప్రయాణంలో మాత్రం మధ్యమధ్య బయటి గాలి రానివ్వాలి. లేకపోతే మన ఊపిరి గాలే లోపల పేరుకుని మగత కమ్ముతుంది.

కండెన్సరును నెలకోసారైనా చూడండి. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల దుమ్ము, గుంటూరు రోడ్ల మీద పత్తి దూది రేకుల మధ్య చేరి గాలి ఆడనివ్వవు. మెల్లగా నీళ్ళతో కడగాలి. సర్వీసు సెంటరు పైపుతో గట్టిగా కొడితే రేకులు వంగిపోతాయి. గ్లవ్ బాక్సు వెనుక ఉండే క్యాబిన్ ఫిల్టరు మూసుకుపోయినా గాలి తగ్గుతుంది. గాలి తక్కువ వస్తోందా, వచ్చే గాలి వేడిగా ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. గాలి తక్కువైతే ఫిల్టరునో ఫ్యానునో చూడాలి, గ్యాస్ జోలికి పోనక్కర్లేదు.

కారు పరుగెత్తేటప్పుడు చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే వేడిగా వస్తే కండెన్సర్ ఫ్యాను మీద అనుమానపడండి. కాసేపు చల్లగా, కాసేపు మామూలుగా వస్తుంటే లోపల మంచు కడుతోందేమో చూపించండి. క్లచ్ చప్పుడే వినిపించకపోతే ఫ్యూజు, రిలే చూడాలి. గ్యాస్ బాగా తగ్గినా ఒత్తిడి స్విచ్చి కంప్రెసరును తిరగనివ్వదు. నూనె అందకుండా తిరిగితే కంప్రెసర్ పట్టేస్తుంది కాబట్టి ఆ ఏర్పాటు. ఆ స్విచ్చిని తప్పించి డైరెక్టుగా వైరు కలిపి నడిపించకూడదు. ముక్కవాసన వస్తే ఇవాపరేటర్ తడి మీద బూజు పట్టిందని గుర్తు. దిగడానికి ఐదు నిమిషాల ముందు ఏసీ ఆపి ఫ్యాను మాత్రం ఉంచితే ఆ తడి ఆరుతుంది. చలికాలంలోనూ వారానికోసారి పది నిమిషాలు ఏసీ వేయాలి. నూనె తిరిగి సీళ్ళు ఎండిపోకుండా ఉంటాయి.

గ్యాస్ గొట్టాలను ఇంట్లో విప్పే ప్రయత్నం చేయకండి. ఆ ద్రవం చేతి మీద పడితే చర్మం గడ్డకట్టి కాలినట్టే పుండవుతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. విద్యుత్ కార్లలో కంప్రెసరు ఎక్కువ ఓల్టేజీ మీద పని చేస్తుంది. శిక్షణ లేనివాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. కిరాయి డ్రైవర్లు ఆసుపత్రుల ముందు, ఫంక్షన్ హాళ్ళ ముందు గంటల తరబడి ఎదురుచూస్తారు. ఇంజను ఆన్‌లో ఉంచి, ఏసీ వేసుకుని, అద్దాలు బిగించి నిద్రపోతారు. పొగ గొట్టంలో ఎక్కడైనా లీకున్నా, గోడల మధ్య మూసినట్టున్న చోట కారు నిలిపినా కార్బన్ మోనాక్సైడు లోపలికి చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలోనే ప్రాణం పోతుంది. అందుకే మా మామయ్య ఇప్పుడు చెట్టు నీడన కారు ఆపి, ఇంజను కట్టేసి, తలుపులు తెరిచి పడుకుంటాడు. అలాగే, ఇంజను ఆపిన కారులో పిల్లల్ని ఒక్క నిమిషానికైనా వదిలి వెళ్ళకూడదు. ఎండలో మూసిన కారు లోపల పది నిమిషాల్లోనే వేడి పది డిగ్రీల వరకు పెరుగుతుంది.

2023 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ సరుకు లారీలన్నిటిలోనూ డ్రైవరు క్యాబినుకు ఏసీ ఉండాలని దాని సారాంశం. తడి తుండు మెడకు చుట్టుకుని ఇరవై ఏళ్ళు లారీ నడిపిన మా నాన్నకు ఆ వార్త చదివి వినిపిస్తే, "మంచిదేరా, వచ్చేవాళ్ళయినా సుఖపడతారు" అన్నారు. అన్ని లారీలకూ ఏసీలు వస్తే, వాటిని బాగుచేసేవాళ్ళు కూడా కావాలి. ఆ పని ఐ.టి.ఐ.లో నేర్చుకోవచ్చు. పదో తరగతి పాసైతే చాలు, రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ ట్రేడు రెండేళ్ళ కోర్సు. మోటార్ మెకానిక్ ట్రేడు కూడా ఉంది. మార్కులు తక్కువ వచ్చాయని దిగులుపడే తమ్ముళ్ళు ఈ దారి కూడా చూడండి. మార్కులు ఎక్కువ వచ్చినవాళ్ళూ చూడవచ్చు, తప్పేమీ లేదు.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. చదువంటే ఉద్యోగమేనని మా వాళ్ళందరూ అనుకుంటారు, అందులో తప్పులేదు. ఆ ఉద్యోగం వచ్చేలోగా కూడా చదువు ఇంటికి పనికి రావాలి. మన ఇళ్ళల్లో చదవనివాళ్ళ దగ్గర డబ్బు పోయేది ఎక్కువగా ఇలాంటి చోట్లే. ఎవరో 'అయిపోయింది' అంటారు, మనవాళ్ళు 'సరే' అంటారు. 'ఎందుకు అయిపోయింది, ఎటు పోయింది' అని పక్కన నిలబడి అడిగే మనిషి ఒకడు కావాలి. ఆ మనిషి మీరు కండి. మీ ఊళ్ళో ఎవరికైనా కారు ఉంటే ఈసారి సెలవుల్లో బానెట్ ఎత్తించి ఆ స్టిక్కరు చదివి చూపించండి. వంటగదిలో సిలిండరును ముట్టుకుని చూసి, ఉష్ణం పాఠం మళ్ళీ ఒకసారి చదవండి. మార్చిలో పరీక్షలు రాసే పదో తరగతి తమ్ముళ్ళందరికీ నా శుభాకాంక్షలు.

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం